గాలిమరల విద్యుత్తు - సేద్యగాని మోటారు

వానకాలపు నాట్ల దినములలో బోధను ప్రాంతపు బోరుబావులు విరామములేక నడచును. ఆ దినములలోనే నైరృతి గాలి బలముగా వీచి అనంతపురము, కర్నూలు జిల్లాల కొండలపై గాలిమరలను త్రిప్పుచుండును. ఆ గాలికిని మన మోటారునకును గల సంబంధమును సభ్యుల కొఱకు సంగ్రహముగా వివరించుచున్నాము.

2013 డిసెంబరు 31వ తేదీన రాయచూరు - షోలాపూరు 765 కిలోవోల్టుల లైను ద్వారా దక్షిణదేశపు విద్యుజ్జాలము దేశమంతటి జాలముతో నేకమైనది. వార్ధానుండి హైదరాబాదునకు పోవు లైను మన నిజామాబాదు మీదుగానే పోవుచున్నది. కావున దూరపు గాలిమరయు మన ఊరి ట్రాన్సుఫార్మరును ఒకే కాడికి గట్టిన యెడ్లవంటివి.

చెఱువున నీరు నిలుచునట్లు తీగలలో విద్యుత్తు నిలువదు. ఉత్పత్తియు వాడుకయు క్షణక్షణమును సరిపోవలెను. వాడుక హెచ్చినచో, సెకనుకు 50 ఉండవలసిన ఆవృత్తి తగ్గును; ఉత్పత్తి హెచ్చినచో నది పెరుగును. గాలి మన యాజ్ఞకు లోబడదు. దాని వేగము సగమైనచో అందలి శక్తి సగము గాక ఎనిమిదవ వంతునకు దిగును.

ఈ లోటును బొగ్గు కేంద్రములు మెల్లగాను, జలకేంద్రములు నిమిషములలోను పూరించును. శ్రీశైలము ఎడమగట్టున 150 మెగావాట్ల యంత్రము లాఱు గలవు. అవి మిగులు విద్యుత్తుతో దిగువ నీటిని ఎగువకు తోడి, కావలసినప్పుడు మరల దానితో విద్యుత్తు పుట్టింపగలవు.

మన చెఱకు పిప్పియు నిట్టిదే. మిల్లులు చెఱకాడు చలికాలమున గాలి మందగించును. అప్పుడు పిప్పితో బాయిలరును కాచి విద్యుత్తు పుట్టింపవచ్చును. 1937లో నెలకొల్పబడిన బోధను మిల్లు 2015 డిసెంబరులో మూతబడెను. దాని పునరుద్ధరణమును తలచువారు చక్కెరతోబాటు పిప్పి విలువను గూడ లెక్కింపవలెను.

ఇక మన చేతిలోని పని. 2018 జనవరి 1వ తేదీన తెలంగాణమున సేద్యమునకు ఇరువది నాలుగు గంటల సరఫరా ప్రారంభమైనది. అంతకు ముందు వంతులవారీ సరఫరాకై తగిలించిన ఆటోస్టార్టరులు ఇంకను కొన్ని మోటారులకు ఉన్నచో, కరెంటు పోయి వచ్చిన క్షణమున అవన్నియు నొక్కమారు లేచును. నేరుగా లేచు మోటారు నడకలోకంటె అయిదాఱు రెట్లు కరెంటును లాగును. ఆ తాకిడికి ట్రాన్సుఫార్మరు కాలినచో దానిక్రింది మడులన్నియు నెండును.

కావున ఆటోస్టార్టరును తీసివేయుడు. మోటారునకు తగిన కెపాసిటరు నమర్చుడు. ఒక ట్రాన్సుఫార్మరు క్రిందివారు కూడి వంతులు నిర్ణయించుకొనుడు. కాలువ నీటికి వంతు నెఱిగిన మనకు ఇది క్రొత్త విద్య గాదు.