బస్సు పడని వారికి ఓడ పడుతుందా?

మొదటిసారి కుటుంబంతో నౌకా విహారానికి వెళ్లేవారు ముందుగా తెలుసుకోవలసిన విషయాలు



ఒకప్పుడు మన ప్రాంతంలో ఓడ ప్రయాణమంటే విశాఖపట్నం నుంచి గానీ, చెన్నై నుంచి గానీ అండమాన్ వెళ్లడమే. పోర్ట్ బ్లెయిర్ (2024లో దీనికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు) చేరడానికి రెండు రోజులకు పైగా పట్టేది కనుక, పని ఉన్నవారే ఎక్కేవారు. ఇప్పుడు సరదా కోసం ఓడ ఎక్కే రోజులు వచ్చాయి. 2022 జూన్‌లో ఎంప్రెస్ అనే పదకొండు అంతస్తుల విహార నౌక విశాఖపట్నం నుంచి చెన్నై వైపు యాత్రలు చేసింది. అమెరికాలో ఉన్న పిల్లలు, తమను చూడడానికి వచ్చిన అమ్మానాన్నలను ఫ్లోరిడా నుంచి బహామాస్ దీవులకు నౌకలో తీసుకువెళ్లడం కూడా మామూలైపోయింది.

అయితే దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. తిరుమల ఘాట్ రోడ్డులోనో, అరకు దారిలోనో పాలిథిన్ కవరు చేతిలో పట్టుకుని కిటికీ పక్కన కూర్చునే వ్యక్తి. ఓడ మాట ఎత్తగానే ఆ వ్యక్తి, ముఖ్యంగా అమ్మో నాయనమ్మో అయితే, "నాకు బస్సే పడదు, ఓడేం పడుతుంది? మీరు వెళ్లి రండి, నేను ఇంటి దగ్గర ఉంటాను" అంటారు. కొన్ని ఇళ్లలో ఆ మాటను అలాగే ఒప్పుకుని ఆమెను వదిలి వెళతారు. మరికొన్ని ఇళ్లలో "ఏమీ కాదులే, అంతా మనసులోనే ఉంది" అని లాక్కుపోతారు. ఈ రెండూ సరికాదని మా అభిప్రాయం. ఎవరికి ప్రయాణం పడదో, ఆ వ్యక్తిని బట్టే ప్రయాణం ఏర్పాటు చేసుకోవాలి. అలా చేస్తే చాలామంది హాయిగా వెళ్లి రాగలరు. ఈ ఏర్పాటులో సగం టిక్కెట్టు కొనక ముందే జరగాలి.

ఇది బలహీనత కాదు

మన లోపలి చెవిలో శరీరం కదలికను, సమతౌల్యాన్ని కనిపెట్టే అవయవం ఒకటుంది. గదిలో కూర్చున్నప్పుడు కళ్లకు గోడలు కదలకుండా కనిపిస్తాయి. ఓడ ఊగుతోందని లోపలి చెవి మాత్రం మెదడుకు చెబుతూనే ఉంటుంది. రెండు కబుర్లూ పొసగక మెదడు తికమకపడుతుంది. ఆవులింతలు, చల్లటి చెమట, ముఖం పాలిపోవడం, నోట్లో నీళ్లూరడం, కడుపులో తిప్పడం, చివరకు వాంతులు దాని ఫలితమే. లోపలి చెవి పూర్తిగా పనిచేయని వారికి ఈ వికారం రాదు. కనుక ఇది మనోధైర్యానికి సంబంధించిన విషయం కాదని స్పష్టమవుతోంది.

బ్రిటిష్ నౌకాదళంలో పేరుపొందిన సేనాని నెల్సన్‌కు సముద్రం పడేది కాదు. శాస్త్రవేత్త చార్లెస్ డార్విన్ 1831 నుంచి 1836 వరకు బీగిల్ నౌకలో తిరిగినంతకాలం ఈ బాధ పడుతూనే ఉన్నాడు. మన ఇంట్లో అమ్మను ఎగతాళి చేసే ముందు వీరిని గుర్తు చేసుకోవాలి.

రెండు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు ఇది ఎక్కువ. రెండేళ్ల లోపు వారికి అరుదు. పురుషుల కన్నా స్త్రీలకు, అందులోనూ గర్భిణులకు, నెలసరి సమయంలో ఉన్నవారికి, పార్శ్వపు తలనొప్పి ఉన్నవారికి ఎక్కువగా వస్తుంది.

టిక్కెట్టు కొనక ముందు

కాలం: బంగాళాఖాతంలో జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల వల్ల అలలు ఎక్కువగా ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో తుపానుల భయం ఉంటుంది. మొదటి ప్రయాణానికి జనవరి నుంచి మార్చి వరకు మంచి కాలం. పిల్లల వేసవి సెలవులు ఆ సమయానికి కుదరవు. అయినా ఇంట్లో బాగా పడనివారు ఉంటే నాలుగు రోజులు బడి మాన్పించడమే మేలు.

గది: ఉయ్యాల బల్ల ఎక్కిన పిల్లలను చూడండి. చివర కూర్చున్నవారు ఎగిరెగిరి పడతారు, మధ్యలో ఉన్నవారు పెద్దగా కదలరు. ఓడా అంతే. ముందు భాగం, వెనుక భాగం, పై అంతస్తులు ఎక్కువగా ఊగుతాయి. పొడవులో మధ్యగా, కింది అంతస్తులో ఉన్న గది తీసుకోండి. చాలా ఓడల్లో ఇవే తక్కువ ధరకు దొరకడం ఒక లాభం. పెద్ద విహార నౌకలకు నీటి అడుగున రెండు పక్కలా రెక్కల వంటి పరికరాలుంటాయి. అవి పక్కలకు ఊగడాన్ని తగ్గిస్తాయి కానీ, ముందుకూ వెనక్కూ లేచిపడడాన్ని ఆపలేవు. అందుకే మధ్య గది కావాలని మరీ మరీ చెబుతున్నాము. అందరికీ దొరకకపోతే, పడని వ్యక్తికి మాత్రం తప్పక అదే ఇప్పించండి.

రోజులు: మొదటిసారి కనుక రెండు రాత్రుల యాత్ర చాలనుకుంటారు. అందులో ఒక చిక్కుంది. చాలామందికి రెండు మూడు రోజుల్లో శరీరం ఊగుడుకు అలవాటు పడుతుంది. అంటే మరీ చిన్న యాత్రలో అలవాటు పడే సమయానికే దిగిపోవలసి వస్తుంది. మూడు నాలుగు రోజులదై, మధ్యలో ఏదో ఒక రేవులో ఆగి కాళ్లు నేల మీద మోపనిచ్చే యాత్ర మొదటిసారికి అనువుగా ఉంటుంది.

పాపికొండల లాంచీలో ఏమీ కాలేదు కనుక సముద్రంలోనూ ఏమీ కాదనుకోకండి. గోదావరి మీద సముద్రపు అలలుండవు.

గర్భిణులు, పసిపిల్లలు: గర్భం 24వ వారంలో అడుగుపెట్టినవారిని, ఆరు నెలల లోపు పసిపిల్లలను చాలా నౌకా సంస్థలు ఎక్కించుకోవు. డబ్బు కట్టక ముందే అడగండి.

మాత్ర ఎప్పుడు వేసుకోవాలి?

మందుల విషయంలో జరిగే పెద్ద పొరపాటు, వాంతి అయ్యాక మాత్ర కోసం వెదకడం. వికారం మొదలయ్యాక కడుపు కదలిక మందగిస్తుంది. మింగిన మాత్ర ఒంటికి పట్టదు, తిరిగి బయటకు వచ్చేస్తుంది. ఓడ కదలడానికి గంట, రెండు గంటల ముందే వేసుకోవాలి.

మన మందుల షాపుల్లో దొరికే వాటిలో సిన్నరిజిన్ (స్టుజెరాన్), ప్రోమెథజిన్ (అవోమిన్) బాగా వాడుకలో ఉన్నవి. రెండూ మగత కలిగిస్తాయి. ప్రోమెథజిన్ ఇంకా ఎక్కువ. రాత్రి ఓడ ఎక్కేవారికి ఆ మగత మేలే. పగలు పిల్లలను కనిపెట్టుకుని ఉండవలసిన తల్లికి మాత్రం ఇబ్బంది. మాత్ర వేసుకున్నవారు మద్యం ముట్టకూడదు.

వాంతులకు సాధారణంగా వాడే ఆన్‌డాన్‌సెట్రాన్, డోంపెరిడోన్ ఇంట్లో ఉన్నాయి కదా అని చాలామంది అవే పట్టుకెళతారు. ఇతర వాంతులకు అవి మంచి మందులే. కానీ ప్రయాణపు వికారం రాకుండా ఆపడంలో వాటి ప్రయోజనం చాలా తక్కువ.

కింది వారు డాక్టరును అడగకుండా ఏ మాత్రా వేసుకోవద్దు:

- చిన్నపిల్లలు. రెండేళ్ల లోపు వారికి ప్రోమెథజిన్ ఇవ్వనే కూడదు, ఊపిరి ఆగిపోయే ప్రమాదముంది. సిన్నరిజిన్ సాధారణంగా అయిదేళ్లు దాటిన వారికే ఇస్తారు. పెద్దల మాత్రను విరిచి పిల్లలకు వేయకండి.
- నీటికాసులు ఉన్నవారు, ప్రోస్టేట్ గ్రంథి వాపుతో మూత్రం సరిగా రాని పెద్దలు.
- పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ఉన్నవారు. సిన్నరిజిన్ ఆ జబ్బును పెంచవచ్చు.
- గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మూర్ఛకు గానీ నిద్రకు గానీ మందులు వాడుతున్నవారు.

అమెరికాలో పిల్లలు తమ తల్లిదండ్రులకు చెవి వెనుక అంటించే స్కోపలమిన్ పట్టీ ఇప్పించడం వింటుంటాము. అది మూడు రోజుల వరకు పనిచేస్తుంది. కానీ నీటికాసులు ఉన్నవారికి పనికిరాదు. పెద్దవారిలో మతిభ్రమ, మూత్రం బిగుసుకుపోవడం కలిగించవచ్చు. దానివల్ల ఒంటి వేడి ప్రమాదకరంగా పెరగవచ్చని, ముఖ్యంగా పిల్లల్లోనూ అరవై దాటిన వారిలోనూ ఇది కనిపించిందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2025 జూన్‌లో హెచ్చరించింది. పట్టీని ముట్టిన చేతిని సబ్బుతో కడుక్కోకుండా కంటికి తగలనివ్వకూడదు.

ఏ మందైనా సరే, ప్రయాణానికి వారం పది రోజుల ముందు ఇంటి దగ్గర ఒకసారి వేసుకుని చూడండి. మగత ఎంత వస్తుందో, తల తిరుగుతుందో ఇంట్లోనే తెలిసిపోతుంది.

షుగరు, బి.పి. ఉన్నవారికి ప్రత్యేక మాట

ఆరోగ్యవంతుడికి నాలుగు వాంతులు అయితే నీరసం వస్తుంది, అంతే. షుగరు ఉన్నవారికి అదే ప్రాణం మీదికి రావచ్చు. ఇన్సులిన్ గానీ షుగరు మాత్ర గానీ వేసుకుని, తిన్నది వాంతి అయిపోతే రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు. షుగరు చూసుకునే మిషను, గ్లూకోజు పొడి మీ చేతి సంచిలోనే ఉండాలి. పెద్ద సామాను గదికి చేరడానికి గంటలు పట్టవచ్చు.

బి.పి., గుండె, మూర్ఛ మందులు వాంతిలో పోతే మళ్లీ వేసుకోవాలా, వద్దా? షుగరు మాత్రలు, మూత్రం ఎక్కువ వచ్చే మాత్రలు వాంతుల రోజున ఆపాలా? ఈ ప్రశ్నలు బయలుదేరక ముందే మీ డాక్టరును అడిగి, జవాబులు కాగితం మీద రాయించుకోండి. ఇంట్లో మరొకరికి కూడా ఆ కాగితం చూపించండి.

ఓడలో

కడుపులో తిప్పడం మొదలవగానే గదిలోకి వెళ్లి తలుపు వేసుకోవడం సహజం. కానీ గదిలో బాధ పెరుగుతుంది. ఓడ మధ్య భాగంలో బయటి గాలి తగిలే చోట నిలబడి, దూరంగా ఆకాశం సముద్రం కలిసే గీతను చూడండి. అప్పుడు కంటి కబురు, చెవి కబురు ఒకటవుతాయి. బయటకు వెళ్లలేకపోతే కళ్లు మూసుకుని వెల్లకిలా కదలకుండా పడుకోండి. పుస్తకం, సెల్‌ఫోను పక్కన పెట్టండి. పిల్లలకు ఫోను ఇచ్చి కూర్చోబెడితే వాంతిని పిలిచినట్లే.

ఖాళీ కడుపు, నిండు కడుపు రెండూ మంచివి కావు. ఓడలో భోజనం ఎంత కావాలంటే అంత పెడతారు. మొదటి రోజు నూనె వస్తువులు, మసాలాలు తగ్గించి, ఇడ్లీ, పెరుగన్నం, రొట్టె, అరటిపండు వంటివి కొద్దికొద్దిగా తినండి. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో, రోమాకు వెళ్లే ఓడ తుపానులో చిక్కినప్పుడు పద్నాలుగు రోజులు తినకుండా ఉన్న 276 మందిని పౌలు ఆహారం తీసుకొమ్మని బతిమాలి, తానే ముందుగా రొట్టె తీసుకుని దేవునికి కృతజ్ఞతలు చెల్లించి తిన్నాడు. అది చూసి తక్కినవారూ ధైర్యం తెచ్చుకుని తిన్నారు. ఈ సంగతి రాసిన లూకా వైద్యుడని మనకు తెలుసు. నీరసించిన వారికి మాటల కన్నా పక్కన కూర్చుని తినిపించే మనిషి అవసరం.

అల్లం కొంతమందికి ఉపశమనం ఇస్తుంది. అల్లం మురబ్బా పట్టుకెళ్లడంలో తప్పులేదు. నిమ్మకాయ వాసన, ఎండు ఉసిరి వల్ల నోరు తేలికవుతుంది. మణికట్టుకు కట్టే పట్టీల ఫలితం అందరిలో ఒకేలా లేదు. వీటిని మాత్రకు తోడుగా వాడండి, మాత్రకు బదులుగా కాదు.

వాంతులు అయితే ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు మీద రాసినంత నీళ్లలో కలిపి, చెంచాడు చెంచాడు చొప్పున తాగించండి. ఒక్కసారిగా గ్లాసెడు తాగిస్తే మళ్లీ కక్కేస్తారు.

ఈ లక్షణాలుంటే ఆలస్యం వద్దు

ఓడలో అయ్యే ప్రతి వాంతీ సముద్రం వల్లనే కాదు. విహార నౌకల్లో వైద్యశాల, డాక్టరు ఉంటారు. ఖర్చు సాధారణంగా విడిగా వేస్తారు కనుక ప్రయాణ బీమా ఉంటే మంచిది. అయితే ఖర్చుకు భయపడి ఆగకూడని సందర్భాలు ఇవి: విరేచనాలు, జ్వరం తోడైతే (ఇది అంటువ్యాధి కావచ్చు, అందుకే భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి), పెద్దవారికి ఛాతీలో నొప్పి, ఆయాసం, చెమటలు, మాట తడబడడం, ఒక వైపు చెయ్యి కాలు పట్టు తప్పడం, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోవడం, పిల్లలు లేపినా లేవనంత మగతగా ఉండడం.

దిగిన తర్వాత ఒకటి రెండు రోజులు నేల ఊగుతున్నట్లే అనిపించవచ్చు. అది దానంతట అదే తగ్గుతుంది. వారాల తరబడి తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి.

చివరగా ఒక మాట. ఇన్ని జాగ్రత్తలు చెప్పాక కూడా అమ్మ "నాకు వద్దు బాబూ" అంటే ఆ మాటను గౌరవించండి. ఆమెకు పడే ప్రయాణం, రైలులోనో కారు ముందు సీటులోనో, ఆ ఏడు అందరూ కలిసి చేయండి. కానీ ఆమె వద్దనడానికి కారణం నలుగురిలో నవ్వులపాలు అవుతానన్న భయమైతే, ప్రయాణానికి నాలుగు వారాల ముందు ఆమెను వెంటబెట్టుకుని, వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని మన ఆసుపత్రికి రండి. ఏ మాత్ర, ఎప్పుడు, ఎంత అన్నది ఆమెకే నేరుగా వివరిస్తాము.

మీ ప్రయాణాలు క్షేమంగా సాగాలని, వెళ్లినవారంతా సంతోషంగా ఇల్లు చేరాలని ప్రార్థిస్తున్నాము.