బోరు నీళ్లలో భార లోహాలు: రంగుల పటాన్ని రైతు ఎలా చదవాలి?

కలికిరి, మదనపల్లె, పుంగనూరు చుట్టుపక్కల టమాటా రైతులు బోరు వేసేటప్పుడు ఎన్ని అడుగుల్లో నీళ్లు పడ్డాయి, ఎన్ని అంగుళాలు పడ్డాయి అని చూస్తారు. ఆ నీళ్లలో ఏముందో చూసేవాళ్లు తక్కువ. మన కింద ఉన్నది నల్లరేగడి కాదు, గ్రానైట్ రాయి. బోరు లోతుకు పోయేకొద్దీ నీరు రాతి పగుళ్లలో ఎక్కువ కాలం నిలిచి ఉంటుంది. అలా నిలిచిన నీటిలోకి ఫ్లోరైడ్, కొన్నిచోట్ల యురేనియం రాతి నుంచే దిగుతాయి. సీసం, కాడ్మియం, క్రోమియం వంటివి ఎక్కువగా ఫ్యాక్టరీ వ్యర్థాలు, మురుగు నుంచి వస్తాయి. ఫాస్ఫేటు ఎరువుల్లో కూడా కాస్త కాడ్మియం ఉంటుంది.

పటం ఎందుకు అవసరమో తుమ్మలపల్లె చెబుతుంది. అది కూడా మన బాహుదా నీళ్లు చేరే పెన్నా పరివాహకంలోనిదే. యురేనియం గని వ్యర్థాల చెరువు పక్కనున్న కొట్టాల రైతులు బోరు నీళ్లు పాడయ్యాయని ఫిర్యాదు చేశారు. 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి గని సంస్థకు నోటీసు ఇచ్చింది. అయితే అక్కడి రాతిలోనే యురేనియం ఉంది. అది చెరువు నుంచి ఊరిందా, ముందునుంచే ఉందా అని తేల్చాలంటే గని రాకముందు ఏ బోరులో ఎంత ఉందో లెక్క కావాలి. పటాన్‌చెరు దగ్గర నక్కవాగు వెంట శాస్త్రవేత్తలు ఆర్సెనిక్ వంటివి కొలిచేటప్పటికే ఫ్యాక్టరీలు వచ్చి చాలాకాలమైంది. మన దగ్గర ఇబ్బంది లేనప్పుడే కొలిచి పెట్టుకోవడం మేలు.

పటం గీయడానికి పరివాహకమంతా బోర్లు ఎంచుకుని, ప్రతి బోరు జీపీఎస్ స్థానం, లోతు రాసుకుని, వానలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి నీళ్లు తీస్తారు. రెండు బోర్ల మధ్య ఖాళీని కంప్యూటరు అంచనా వేసి రంగు నింపుతుంది. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. గ్రానైట్ నేలలో గట్టుకు ఇవతలి బోరు, అవతలి బోరు వేరువేరు పగుళ్ల నుంచి నీళ్లు తీసుకోవచ్చు. మీ పొలం పచ్చరంగులో ఉందని ధీమా పడొద్దు, ఎర్రరంగులో ఉందని బోరు మూసేయొద్దు. మీ బోరును విడిగా పరీక్ష చేయించాలి.

నమూనా తప్పుగా తీస్తే పరీక్ష డబ్బులు దండగ. మోటారు 10–15 నిమిషాలు ఆడించాక, బోరు మూతి దగ్గరే పట్టాలి. తొట్టి నుంచి, ఇత్తడి కొళాయి నుంచి వద్దు, లోహం అక్కడే కలుస్తుంది. పురుగుమందు డబ్బా ఎంత కడిగినా పనికిరాదు. లోహాల పరీక్షకు నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేసిన సీసా కావాలి, దాన్ని ల్యాబు నుంచే తెచ్చుకోండి. ఆ సీసాను మాత్రం తొలచకూడదు. మామూలు సాగునీటి పరీక్షలో ఉప్పు, ఉదజని సూచికే చూస్తారు కాబట్టి, ఏయే లోహాలు కావాలో పేరు పెట్టి అడగాలి. ఎక్కడ చేస్తారో కలికిరి కృషి విజ్ఞాన కేంద్రంలో కనుక్కోండి.

రిపోర్టులో ముందు ప్రమాణం చూడండి. 1 మిల్లీగ్రాము అంటే 1000 మైక్రోగ్రాములు. తాగునీటికి లీటరుకు సీసం 0.01, కాడ్మియం 0.003, యురేనియం 0.03 మిల్లీగ్రాములు దాటకూడదు. రిపోర్టులో యురేనియం 25 మైక్రోగ్రాములు అని ఉంటే అది 0.025 మిల్లీగ్రాములే, హద్దు లోపలే. ఈ తేడా తెలియక హడలిపోయేవాళ్లున్నారు. సాగునీటి హద్దులు వేరు, చాలా లోహాలకు ఇంతకంటే సడలింపు ఉంటుంది.

హద్దు దాటితే తాగడం ముందు ఆపండి. కాచితే లోహం పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కనవుతుంది. ఆర్‌ఓ యంత్రం తీసేస్తుంది కానీ, బయటకు వదిలే నీటిలో అది చిక్కగా ఉంటుంది. ఆ నీటిని పశువుల తొట్టిలోకి, కూరమడిలోకి పంపొద్దు. కాడ్మియం ఉన్న నీటికి పాలకూర, తోటకూర వేయకపోవడం మంచిది, ఆకుల్లో ఎక్కువ చేరుతుంది. టమాటా కాయలోకి అంతకంటే తక్కువ వెళుతుంది. రిపోర్టును బోరు లోతు, తేదీతో కలిపి పాసుపుస్తకం పక్కనే దాచండి.