ఇనుపదారి జ్ఞాపకములకొక గూడు

మన పిల్లలు దినదినమును కాట్పాడిలో రైళ్ళను చూచుచున్నారు. దక్షిణదేశమున మొట్టమొదటి ప్రయాణికుల రైలుమార్గము మన ప్రాంతమునకే వచ్చినదని వారిలో నెందఱెఱుగుదురు? మదరాసు రైల్వే కంపెనీవారు 1853లో పని మొదలిడి, 1856 జూలై 1వ తేదీన రాయపురమునుండి వాలాజా రోడ్డు వరకు, సుమారు 100 కిలోమీటర్లు, ప్రయాణికుల బండ్లను నడపిరి. పిమ్మట నా మార్గమే కాట్పాడి, గుడియాత్తముల మీదుగా పడమటి తీరమువైపు సాగెను. రాయపురపు స్టేషను కట్టడము నేటికిని నిలిచియున్నది.

రైల్వే ప్రదర్శనశాలలు మన దేశమున లేకపోలేదు. ఢిల్లీలో 1977లోను, మైసూరులో 1979లోను, చెన్నైలో పెరంబూరు పెట్టెల కర్మాగారము చెంత 2002లోను వెలసినవి. వానిలో ఇంజనులకే పెద్దపీట. ఇంజనును నిలుపుటకు విశాలమైన స్థలమును, విస్తారమైన ధనమును కావలెను. మనవంటివారికి సాధ్యమైనది వేఱొకటి కలదు: ఒక గది, రెండు బీరువాలు, ఒక జాబితా పుస్తకము.

ఏ వస్తువులు దాచవలెను? ఒక్క దారిపై ఎదురెదురుగా రెండు బండ్లు రాకుండుటకు స్టేషను మాస్టరు డ్రైవరుచేతికి లోహపు గోళమొకటి యిచ్చెడివాడు. అది చేత లేనిదే బండి కదలరాదు. ఒకటి వెలుపల నున్నంతవఱకు యంత్రము రెండవదాని నీయదు. ఇట్టిదానిని పిల్లవాని చేతిలో నుంచి చెప్పినచో పదిపుటల పాఠమక్కఱలేదు. అట్లే గార్డు దీపము, తేదీముద్ర పడిన అట్టచీటి, పాత కాలపట్టిక. కాట్పాడి నుండి పాకాలకును విల్లుపురమునకును పోవు దారులు పూర్వము మీటరు గేజివి. పెద్దదారి వెడల్పు 1676 మిల్లీమీటర్లు. అందుచే సరకును ఒక బండినుండి దింపి మఱియొకదానికి మోయవలసివచ్చెడిది. నేడవియు పెద్దదారులైనవి, ఆ మోతపని యెఱిగినవారు వృద్ధులైరి.

వస్తువు కంటె దాని చరిత్ర ముఖ్యము. ఎవరిది, ఏ స్టేషనుది, ఏ యేటిది యని వ్రాయని దీపము పాత యినుమే. వివరములను అట్టముక్కపై వ్రాసి నూలుదారముతో కట్టవలెను, వస్తువుపై అంటింపరాదు. కాగితములకు జిగురుటేపు మహాశత్రువు. కొన్ని యేండ్లలో పసుపుమరక చేసి అక్షరములను తినివేయును. ప్లాస్టికు పొరలో అదుముటయు తగదు, మరల విడదీయరాదు. చెమ్మలేని చోట, గోడకు తగులకుండ, శుభ్రమైన అట్టపెట్టెలో నుంచిన చాలును. ఛాయాచిత్రముల వెనుక మెత్తని పెన్సిలుతో తేలికగా వ్రాయవలెను.

ప్రభుత్వ దస్తావేజులు చెన్నై యెగ్మూరులోని తమిళనాడు పత్రభాండాగారమున నున్నవి. అవి యధికముగా నాంగ్లములో నున్నవి. కట్ట పోసినవారి, పట్టాలు మోసినవారి మాటలు తెలుగునను తమిళమునను నోటనే మిగిలినవి. ఇంటి పెద్దలు గతించిన పిదప వారి పెట్టె తూకమునకు పోవుచున్నది. ఇది నేనే రెండు పర్యాయములు చూచితిని. కావున తల్లిదండ్రులారా, పెట్టెను తెఱచుటకు ముందే తాతగారిని అడుగుడు, పిల్లలచేత వ్రాయింపుడు. మూలమును విడువలేనివారు ప్రతి తీయించి, అసలుదానిని తమ యింటనే యుంచుకొనవచ్చును.