నంబరు రాని నర్సు

అమెరికాలో నర్సింగు చదివినాక లైసెన్సు పరీక్ష వేరే రాయాలి. మన దగ్గర ఆ పరీక్ష లేదు. కోర్సు పాసై, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో పేరు నమోదైతేనే నర్సు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పల్లెల మాల, మాదిగ అమ్మాయికి ఈ నడిమి కాలమే గండం. ఫీజు బకాయని కాలేజీ సర్టిఫికెట్లు పట్టుకుంటే నంబరు రాదు. నంబరు లేదని ఆసుపత్రి 'ట్రైనీ' అంటుంది. రాత్రి డ్యూటీ, సూది, సెలైను మాత్రం ఆమెవే. తప్పు జరిగితే అర్హత లేదంటారు. జీతమడిగితే ట్రైనీవే కదా అంటారు.

2016 సుప్రీంకోర్టు తీర్పు మేరకు కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలోనూ నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. 'ట్రైనీ' అన్న ఒక్క మాటతో ఆ లెక్క ఎగిరిపోతుంది.

ఇంట్లో జరుగుబాటున్న పిల్ల నంబరొచ్చేదాకా ఆగుతుంది. కూలోళ్ల బిడ్డ ఆగలేదు. ఆసుపత్రిలో కులమెక్కడుందని అడిగేవాళ్లు ఇక్కడ చూడాలి.