నవంబరు 1 ఎవరి పండుగ?

తెలుగు పత్రికలలో "చరిత్రలో ఈ రోజు" అనే శీర్షిక పాఠకులకు చిరపరిచితమైనది. అదే సమాచారాన్ని ప్రశ్నలుగా మలచి రోజుకు కొన్ని బిట్ల చొప్పున అందించే పద్ధతి పోటీ పరీక్షలతో పాటే పెరిగింది. ఢిల్లీలో సివిల్ సర్వీసుల శిక్షణకు పేరుపడిన ముఖర్జీ నగర్, ఓల్డ్ రాజేంద్ర నగర్ ప్రాంతాలలో గదులు అద్దెకు తీసుకుని చదువుకునే తెలుగు యువతీయువకులకు ఈ బిట్లు దినచర్యలో భాగం. "ఫలానా దినోత్సవం ఎప్పుడు?" అన్న ప్రశ్న చూడటానికి తేలికే గాని, ఒక్కో దినోత్సవం వెనుక కనీసం మూడు కాలాలు దాగి ఉంటాయి: సంఘటన జరిగిన కాలం, దానిని స్మరించాలని ఒక ప్రభుత్వమో సంస్థో నిర్ణయించిన కాలం, తొలిసారి వేడుక జరిపిన కాలం. ఆగస్టు 7న జరిపే జాతీయ చేనేత దినోత్సవం 1905లో కలకత్తా టౌన్ హాలులో మొదలైన స్వదేశీ ఉద్యమాన్ని గుర్తుచేస్తుంది. కాని దినోత్సవం మాత్రం 2015లోనే ఆరంభమైంది. ప్రశ్నపత్రంలో ఈ రెండు సంవత్సరాలూ పక్కపక్కనే కనిపించినప్పుడు తొందరపడిన అభ్యర్థి ఏది గుర్తిస్తాడో చెప్పనక్కరలేదు.

సంఘటన దానంతట అది తెచ్చినది కాక, కావాలనే ఎంచుకున్న తేదీకి జనవరి 26 అన్నిటికన్నా మంచి ఉదాహరణ. రాజ్యాంగ సభ రాజ్యాంగాన్ని ఆమోదించింది 1949 నవంబరు 26న. పౌరసత్వం, ఎన్నికలు, తాత్కాలిక పార్లమెంటు మొదలైన అంశాలకు చెందిన కొన్ని అధికరణాలు ఆనాడే అమలులోకి వచ్చాయని 394వ అధికరణం చెబుతుంది. మిగిలిన భాగాన్ని రెండు నెలలు ఆపి జనవరి 26న అమలు చేయడానికి కారణం, 1929 డిసెంబరులో లాహోరు కాంగ్రెస్ చేసిన సంపూర్ణ స్వరాజ్య తీర్మానాన్ని అనుసరించి 1930 జనవరి 26న దేశమంతటా స్వాతంత్ర్య దినం పాటించి ఉండటమే. అంటే గణతంత్ర దినోత్సవపు తేదీయే మరొక తేదీకి స్మారకం. నవంబరు 26ను సుప్రీంకోర్టు న్యాయవాదుల సంఘం 1979 నుంచి న్యాయ దినంగా జరుపుతూ వచ్చింది. 2015లో కేంద్ర ప్రభుత్వం దానిని రాజ్యాంగ దినోత్సవంగా ప్రకటించింది. తొలి గణతంత్ర కవాతు రాజ్‌పథ్‌లో జరగలేదన్న సంగతి బిట్లలో తరచు జారిపోతుంది. అది ఇండియా గేటు సమీపంలోని ఇర్విన్ స్టేడియంలో జరిగింది. కవాతుకు రాజ్‌పథ్ స్థిరమైన వేదికగా మారింది 1955లో. ఆ స్టేడియానికి ఇప్పుడు హాకీ క్రీడాకారుడు ధ్యాన్‌చంద్ పేరు ఉన్నది. ఆయన పుట్టిన ఆగస్టు 29 దేశమంతటికీ జాతీయ క్రీడా దినోత్సవం. గిడుగు రామమూర్తి పుట్టినది కూడా ఆ తేదీనే కనుక తెలుగువారికి అది తెలుగు భాషా దినోత్సవం.

ఢిల్లీలో ఒక వీధికి తేదీయే పేరు. గాంధీజీ హత్యకు గురైన బిర్లా భవనం, నేటి గాంధీ స్మృతి, ఉన్న దారిని తీస్ జనవరి మార్గ్ అంటారు. 1948 జనవరి 30న ఆయనపై కాల్పులు జరిగినది సాయంత్రం ప్రార్థనా సమయంలో, అయిదు గంటలు దాటాక. కాని ప్రతి ఏటా దేశమంతా రెండు నిమిషాల మౌనం పాటించేది ఉదయం 11 గంటలకు. సంఘటనకూ స్మరణకూ మధ్య ఇలాంటి ఎడం ఎందుకు వస్తుందని అడిగే బిట్టు అరుదు, అడగవలసినది మాత్రం అదే.

ఇక ఒకే తేదీ ఎన్ని చరిత్రలను మోయగలదో చూడాలంటే నవంబరు 1 చాలు. 1956లో ఆ రోజున భాషాప్రాతిపదికన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ అమలులోకి వచ్చి, కర్నూలు రాజధానిగా 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రమూ హైదరాబాదు రాష్ట్రంలోని తెలంగాణమూ కలిసి ఆంధ్రప్రదేశ్ అయ్యాయి. కేరళ, నేడు కర్ణాటకగా పిలిచే నాటి మైసూరు కూడా ఆనాటివే. ఢిల్లీకి మాత్రం అదే రోజు తన శాసనసభను పోగొట్టుకున్న రోజు. రాజ్యాంగపు తొలి రూపంలో రాష్ట్రాలను ఎ, బి, సి, డి అని నాలుగు భాగాలుగా వర్గీకరించగా, సి భాగంలో చేరిన ఢిల్లీకి 1952లో 48 మంది సభ్యుల శాసనసభా, చౌధరి బ్రహ్మ్ ప్రకాశ్ నాయకత్వంలో మంత్రివర్గమూ ఏర్పడ్డాయి. 1956లో ఆ వర్గీకరణను రద్దుచేసి ఢిల్లీని కేంద్రపాలిత ప్రాంతంగా, అనగా కేంద్రమే నేరుగా పాలించే భూభాగంగా మార్చారు. మళ్లీ శాసనసభ ఏర్పడటానికి 69వ రాజ్యాంగ సవరణ, 1993 ఎన్నికలు రావలసి వచ్చింది. తెలుగువారికి రాష్ట్రం వచ్చిన రోజే రాజధానివారికి రాష్ట్రం పోయిందన్న ఈ పొంతన ప్రశ్నల పుస్తకాలలో దాదాపు కనిపించదు.

ఢిల్లీ పొలిమేర దాటినా ఈ తేదీల కథ ఆగదు. జాతీయ రాజధాని ప్రాంతం అన్నది ఒక రాష్ట్రం కాదు; ఢిల్లీ చుట్టూ పెరుగుతున్న పట్టణాలను ఒక ప్రణాళిక కిందకు తేవడానికి 1985లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం హరియాణా, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ జిల్లాలను కొన్నిటిని కలిపి గీసిన పరిధి. గురుగ్రామ్, ఫరీదాబాద్ హరియాణాలో ఉన్నాయి. హరియాణా పంజాబు నుంచి విడివడినది కూడా నవంబరు 1ననే, 1966లో. నోయిడా, గాజియాబాద్‌లున్న ఉత్తరప్రదేశ్‌కు మాత్రం అవతరణ దినం జనవరి 24. యునైటెడ్ ప్రావిన్సెస్ అన్న పేరు 1950లో ఆ రోజున ఉత్తరప్రదేశ్‌గా మారింది; వేడుక 2018లో మొదలైంది.

తెలుగునాట నవంబరు 1 ఇంకా చిక్కైనది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమకారులు దానిని విద్రోహ దినంగా పాటించారు. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడ్డాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొన్నేళ్ల పాటు నవంబరు 1 వేడుకను పక్కనబెట్టి జూన్ 2న నవనిర్మాణ దీక్ష చేపట్టింది. 2019లో అవతరణ దినం తిరిగి నవంబరు 1కి వచ్చింది. ఈ కారణంగా "ఆంధ్రప్రదేశ్ అవతరణ దినం ఏది?" అన్న బిట్టుకు ఏ ఏడాది పుస్తకం చదివారన్నదాన్ని బట్టి జవాబు మారేది. హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో విలీనమైన 1948 సెప్టెంబరు 17 విషయంలో తేదీ ఒకటే, పేర్లే వేరు: 2022లో కేంద్రం దానిని విమోచన దినంగా జరపగా, అప్పటి తెలంగాణ ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అన్నది, 2024లో తర్వాతి ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అన్నది. ఇలాంటి ప్రశ్నకు నాలుగు ఐచ్ఛికాలు ఇచ్చి ఒకటే సరైనదనడం చరిత్రకు అన్యాయం; ఎవరు ప్రకటించారో, ఎప్పుడు ప్రకటించారో కూడా ప్రశ్నలోనే చేర్చే కూర్పరులు కొందరు లేకపోలేదు, కాని వారి సంఖ్య తక్కువ.

రాజధాని ప్రాంతంలో మిగిలిన రాజస్థాన్ జిల్లాలు అల్వర్, భరత్‌పూర్‌ల సంగతి అన్నిటికన్నా విచిత్రం. సర్దార్ పటేల్ రాజస్థాన్‌ను ప్రారంభించిన 1949 మార్చి 30 చైత్ర శుద్ధ పాడ్యమి కావడంతో, ఇకపై రాజస్థాన్ దినోత్సవాన్ని ఇంగ్లీషు తేదీకి బదులు ఆ తిథినాడే జరపాలని 2025లో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఆ తిథి తెలుగువారి ఉగాది. 2025లో ఉగాది కూడా మార్చి 30ననే రావడంతో ఎవరికీ తేడా తెలియలేదు. 2026లో అది మార్చి 19కి జరిగింది. కాబట్టి పాత బిట్ బ్యాంకులలో అచ్చయి ఉన్న మార్చి 30 ఇక చెల్లదు. రాజస్థాన్ దినోత్సవం ఎప్పుడని అడిగితే అభ్యర్థి ముందుగా ఆ ఏటి పంచాంగం తిరగేయవలసిందే.