మోటారు సైకిలునకు మెడగంట

రాత్రివేళ కొట్టములో ఎద్దు కదలినచో మెడగంట మ్రోగి రైతును మేల్కొలుపును. వాకిట నిలిపిన మోటారు సైకిలునకు అట్టి గంట లేదు. దొంగ దానిని చప్పుడు కానీయక నెట్టుకొనిపోవును. సొసైటీకి పాలు, సంతకు కూరగాయలు చేర్చు బండి పోయినచో రైతు పని నిలిచిపోవును. కావున స్వల్పవ్యయముతో నగు నొక యుపాయమును తెలుపుచున్నాము.

12 వోల్టుల బజరు, అన్నియే వోల్టుల రిలే, ఫ్యూజు, మరుగున నుంచు మీట, పక్కస్టాండు వద్ద నొక చిన్న స్విచ్చి వలయును. బ్యాటరీ తీగ ఫ్యూజును, మీటను దాటి స్విచ్చికి రావలెను. స్టాండు దింపియున్నంతసేపు కరెంటు పాఱదు, బ్యాటరీ తఱుగదు. స్టాండు నెత్తగనే బజరు మ్రోగును.

స్విచ్చి మాత్రమే యున్నచో దొంగ స్టాండును మరల దింపి మ్రోతను మాన్పగలడు. రిలే తన కాంటాక్టు ద్వారా తనకే కరెంటు నందించుకొనునట్లు కలిపినచో, మీట తీయువఱకు మ్రోత యాగదు. బండిని నిలిపి స్టాండు దింపిన పిమ్మట మీట వేయవలెను. ఎక్కుటకు ముందు తీయవలెను.

ఫ్యూజు బ్యాటరీ చెంతనే యుండవలెను. లేనిచో తీగ ఒరసికొని నిప్పు పుట్టవచ్చును. కొన్ని బండ్లకు ముందే స్టాండు స్విచ్చి యుండును. దాని తీగలను తెంపరాదు. పని తెలిసిన మెకానిక్కుచే చేయించుట మేలు.

గంట యెద్దును కట్టివేయదు, పలుపే కట్టును. బండిని ఎత్తి వ్యానులో వేసికొనిపోవువానికి ఈ బజరు అడ్డుగాదు. కావున హ్యాండిలునకు తాళము, చక్రమునకు గొలుసు మానరాదని సభ్యులకు మనవి చేయుచున్నాము.