తుక్కు విధానం – పాత వాహనాల భవితవ్యం

మానవుడు తన అవసరం కోసం యంత్రాన్ని నిర్మించుకుంటాడు. అవసరం తీరిన పిదప కొన్నింటిని పారవేస్తాడు, కొన్నింటిని దాచుకుంటాడు. ఏది పారవేయదగినది, ఏది దాచుకొనదగినది అన్న ప్రశ్నకు ఒక్కొక్క ఇంటిలో ఒక్కొక్క సమాధానం ఉంటుంది. ఆ ప్రశ్నను ప్రభుత్వమే చట్టం ద్వారా పరిష్కరింప పూనుకున్నప్పుడు కొందరికి మేలు, కొందరికి ఆందోళన కలగడం సహజం. 2021లో భారత ప్రభుత్వం ప్రకటించిన వాహనాల తుక్కు విధానం అటువంటిది. గంపలగూడెం, తిరువూరు ప్రాంతపు పల్లెలలో తండ్రి నడిపిన స్కూటరునో, తాత కొన్న అంబాసిడరునో, మామిడితోటలకు తిరిగిన జీపునో అమ్ముకోలేక ఆప్యాయంగా కాపాడుకునేవారు ఉన్నారు. “పదిహేనేండ్లు నిండితే బండిని తుక్కుకు వేయవలసిందేనట” అన్న మాట వారిని కలవరపరచింది. ఆ మాటలో నిజమెంత, అపోహ ఎంత అన్నది విచారించడమే ఈ వ్యాసోద్దేశం.

విధానం చెప్పేదేమి?

2021 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెటు ప్రసంగంలో ఈ విధానం ప్రస్తావనకు వచ్చింది. మార్చి 18న కేంద్ర రవాణా మంత్రి దాని వివరాలను పార్లమెంటు ముందుంచారు. ఆగస్టు 13న ప్రధానమంత్రి దానిని లాంఛనంగా ప్రారంభించారు. సొంత వాహనాల విషయంలో ఇది స్వచ్ఛంద విధానమన్న సంగతిని పాఠకులు మొదట గుర్తింపవలెను. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారుకు, స్కూటరుకు నమోదు పదిహేనేండ్లు చెల్లుతుంది. ఆ తరువాత బండిని తనిఖీ చేయించి, అయిదేండ్లకొకసారి నమోదును పునరుద్ధరించుకోవచ్చును. ఈ వెసులుబాటును తుక్కు విధానం తొలగించలేదు. పరీక్షలో నెగ్గిన బండి, దాని వయసెంతైనా, రోడ్డుపై తిరుగవచ్చును. మరల అవకాశమిచ్చినా పరీక్షలో తప్పిన బండిని మాత్రమే కాలం చెల్లినదిగా పరిగణిస్తారు.

మరి పదిహేనేండ్ల భయం ఎక్కడిది? 2014, 2015లలో జాతీయ హరిత ట్రిబ్యునలు ఇచ్చిన ఆదేశాలు, వాటిని బలపరుస్తూ 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఢిల్లీ పరిసరాలలో పదేండ్లు దాటిన డీజిలు బండ్లను, పదిహేనేండ్లు దాటిన పెట్రోలు బండ్లను నిషేధించినవి. 2025లో ఆ న్యాయస్థానమే వాటి అమలులో కొంత సడలింపు చూపింది. ఢిల్లీకి సంబంధించిన ఈ వార్తలు మన పల్లెల దాకా వచ్చేసరికి దేశమంతటికీ వర్తించే శాసనంగా మారిపోయినవి.

బండిని స్వచ్ఛందంగా అప్పగించేవారికి ప్రభుత్వం కొన్ని ఆకర్షణలు చూపింది. కొత్త బండి షోరూము ధరలో 4 నుండి 6 శాతం వరకు తుక్కు విలువగా లభింపవచ్చునని విధానంలో సూచించారు. గుర్తింపు పొందిన తుక్కు కేంద్రం ఇచ్చే డిపాజిట్ సర్టిఫికెట్టు చూపితే కొత్త సొంత వాహనానికి రోడ్డు పన్నులో 25 శాతం వరకు రాయితీ ఇవ్వవచ్చును. ఒకసారి అలా అప్పగించిన బండికి నమోదు రద్దవుతుంది. తరువాత మనసు మారినా అది తిరిగి రాదు.

యాభై ఏండ్ల గౌరవం

వింటేజ్ వాహనాల కోసం కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో ప్రత్యేక నిబంధనలు చేసింది. మొదటి నమోదు తేదీ నుండి యాభై ఏండ్లు దాటిన, వ్యాపారానికి వాడని ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలు వీటి పరిధిలోకి వస్తవి. ఛాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలోనే ఉండవలెను. ఫారం 20లో దరఖాస్తు చేసి, పాత నమోదు పత్రాన్ని, బీమా పత్రాన్ని జతపరచవలెను. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. అది పదేండ్లు చెల్లుతుంది. పునర్నమోదుకు 5,000 రూపాయలు. కొత్తగా నమోదైన బండి నంబరులో రాష్ట్రపు అక్షరాల తరువాత ‘వీఏ’ అన్న గుర్తు ఉంటుంది. ముందే నమోదై ఉన్న బండి తన పాత నంబరును నిలుపుకోవచ్చును. అయితే ఈ బండ్లు ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, ఇంధనం నింపుకొనడానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కవలెను. నిత్యం తిరగడానికి వీలులేదు.

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెసులో పసుపువన్నె రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఒకటి ఉన్నది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ దానిని తెప్పింపదలచారు. 1911లో ఆయన మరణించడంతో అది ఏడవ నిజాం కాలంలో వచ్చి చేరింది. అటువంటి కారుకు ఏ విధానం వలనను ప్రమాదం లేదు. దానికి వయసున్నది, పేరున్నది, నిలిపి ఉంచడానికి సౌధమున్నది. అసలు సమస్య సామాన్యుని బండిది.

నడుమ చిక్కిన ముప్పై అయిదేండ్లు

పదిహేనవ ఏట బండి పాతదవుతుంది. యాభైయవ ఏట అది వారసత్వమవుతుంది. ఈ రెండింటి నడుమ ముప్పై అయిదేండ్లు అది ఏమిటి? ఈ ప్రశ్నకు మన నిబంధనలలో సమాధానం లేదు. 1990లో నమోదైన అంబాసిడరు వింటేజ్ హోదా పొందడానికి 2040 దాకా వేచి ఉండవలెను. మొట్టమొదటి మారుతి 800 కారు 1983 డిసెంబరులో కొనుగోలుదారుని చేతికి వచ్చింది. దానికి సైతం 2033 వరకు ఆ అర్హత లేదు. ప్రీమియర్ పద్మిని కార్లు, బజాజ్ చేతక్ స్కూటర్లు, మైసూరులో తయారైన యెజ్డీ మోటారు సైకిళ్లు, హైదరాబాదు ఆల్విన్ పేరుతో వచ్చిన పుష్పక్ స్కూటర్లు – వీటిలో ఇంకా మిగిలి ఉన్నవి చాలావరకు ఈ నడుమ కాలంలోనే చిక్కుకొని ఉన్నవి.

ఈ నడుమ కాలంలో భారం క్రమంగా పెరుగుతున్నది. పదిహేనేండ్లు దాటిన కారు నమోదు పునరుద్ధరణకు ఒకప్పుడు 600 రూపాయల రుసుము ఉండేది. 2022 ఏప్రిల్ నుండి అది 5,000 అయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏండ్లు దాటిన కారుకు 10,000, మోటారు సైకిలుకు 2,000 రూపాయలుగా నిర్ణయించారు. దిగుమతి అయిన కారుకైతే 80,000 రూపాయలు. ఆలస్యమైన ప్రతి నెలకు అదనపు రుసుము వేరు. సంపన్నునికి ఇది లెక్కలోనిది కాదు. తండ్రి జ్ఞాపకంగా స్కూటరును నిలుపుకున్న చిరుద్యోగికి మాత్రం ఇది ఆలోచింపవలసిన మొత్తమే.

రుసుముకన్న పెద్ద చిక్కు విడిభాగాలది. పాత బండికి పాత బండే ప్రాణదాత. ఒకదాని గేరుబాక్సు, ఇంకొకదాని కార్బురేటరు తెచ్చి మూడవదానిని బ్రతికించడం మన షెడ్లలో తరతరాల విద్య. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఈ విద్య ఎందరికో అన్నం పెట్టింది. అక్కడి మిస్త్రీలలో, శిష్యులు ‘ఉస్తాద్’ అని పిలుచుకునే పనివారిలో, మన సోదరులు ఎందరో ఉన్నారు. బండ్లు నేరుగా తుక్కు కేంద్రాలకు తరలిపోతే ఈ విడిభాగాలు అరుదవుతవి. భాగాలు దొరకనప్పుడు పనితనమూ అంతరిస్తుంది.

ప్రభుత్వ వాహనాల సంగతి మరింత కఠినం. 2023 ఏప్రిల్ 1 నుండి పదిహేనేండ్లు దాటిన ప్రభుత్వ వాహనాల నమోదును పునరుద్ధరించడం లేదు. రక్షణ, శాంతిభద్రతల ప్రత్యేక వాహనాలకు మాత్రమే మినహాయింపు. పూర్వం శాఖల జీపులను వేలం వేసేవారు. అభిరుచిగలవారు కొని బాగుచేసుకునేవారు. ఆ ద్వారం మూసుకున్నది. 1932లో నిజాం ప్రభుత్వ రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో ప్రారంభమైంది. నాటి ఆల్బియన్ బస్సు ఒకటి ‘దక్కన్ క్వీన్’ పేరుతో హైదరాబాదు బస్ భవన్‌లో ప్రదర్శనకు నిలిచి ఉన్నది. ఆనాడే ఇటువంటి నియమం మినహాయింపు లేకుండా అమలై ఉంటే నేడు మన పిల్లలకు చూపడానికి ఆ బస్సు మిగిలేది కాదు.

ఇంధనమూ మారుతున్నది. 2000 ఫిబ్రవరి నుండి దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది. సీసంపై ఆధారపడిన పాత ఇంజన్ల వాల్వు సీట్లు దానివలన త్వరగా అరిగేవి. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023లో ప్రవేశించి, 2025 నాటికి దేశమంతటా సాధారణమైంది. ఇది పాత బండ్ల రబ్బరు గొట్టాలను, గాస్కెట్లను దెబ్బతీయగలదు. పాత బండి కలవారు వాటిని ఇథనాల్‌ను తట్టుకునేవాటితో మార్పించుకోవడం మేలు.

రెండవ పక్షం

ఇంతమాత్రాన ఈ విధానాన్ని దుష్టమనుట న్యాయం కాదు. 2020 ఏప్రిల్ నుండి అమలైన బీఎస్-6 ప్రమాణాల బండితో పోల్చితే పాత ఇంజను వదలే పొగ ఎన్నోరెట్లు హానికరం. రోడ్డు పక్క బడిపిల్లల ఊపిరితిత్తులకన్న ఏ కారూ విలువైనది కాదు. అయితే మొత్తం కాలుష్యం కిలోమీటరుకు వెలువడే పొగపైననే కాక, తిరిగిన దూరంపైన కూడ ఆధారపడి ఉంటుంది. రోజంతా తిరిగే పాత లారీ, నెలకొకసారి ఊరు చుట్టివచ్చే పాత అంబాసిడరు సమానం కావు. వయసొక్కటే కొలమానమైతే ఈ భేదం మరుగున పడుతుంది.

ఇతర దేశాలు ఈ భేదాన్ని కొంతవరకు పాటించినవి. 2009లో అమెరికా ప్రభుత్వం పాత కార్లకు ధనమిచ్చి, దాదాపు 6,77,000 కార్లను తుక్కు చేయించింది. తిరిగి వాడకుండా వాటి ఇంజన్లలో సోడియం సిలికేట్ ద్రావణం పోయించింది. కాని ఇరవై అయిదేండ్లు దాటిన కార్లను ఆ పథకంలో చేర్చలేదు. అదే ఏట జర్మనీ, తొమ్మిదేండ్లు దాటిన కారును వదలుకున్నవారికి 2,500 యూరోలిచ్చింది. అయితే ముప్పై ఏండ్లు నిండి, చక్కగా సంరక్షింపబడిన కార్లకు అక్కడ 1997 నుండే ప్రత్యేక నంబరు ఉన్నది. బ్రిటన్‌లో నలభై ఏండ్ల కారుకు పన్ను మినహాయింపు కలదు. చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య అయిన ఫీవా కూడ ముప్పై ఏండ్లనే ప్రమాణంగా స్వీకరించింది.

మన కర్తవ్యం

ముప్పై ఏండ్లు దాటి, అసలు రూపంలో నిలిచి, ఏడాదికి పరిమిత దూరమే తిరిగే బండ్లకు ఒక నడిమి తరగతిని మన నిబంధనలలో కల్పించడం సమంజసమని నా అభిప్రాయం. పొగ పరీక్ష ఉండవలెను. దూరానికి హద్దు ఉండవలెను. రుసుము మాత్రం సామాన్యునికి అందుబాటులో ఉండవలెను. అప్పుడు గాలికీ హాని తక్కువ, వారసత్వానికీ రక్ష.

విద్యార్థులు చేయగలిగినదీ ఉన్నది. మీ ఇంటిలో పాత బండి ఉంటే ముందు దాని నమోదు పత్రాన్ని వెదకండి. గడువు ఏనాటితో తీరునో చూడండి. మొదటి నమోదు తేదీ, కొన్న రసీదు, బీమా కాగితాలు ఒకచోట భద్రపరచండి. రేపు వింటేజ్ హోదా కోరినప్పుడు ఆ కాగితాలే సాక్ష్యం. తుక్కు కేంద్రానికి అప్పగించే ముందు ఇంటి పెద్దలను ఒకమాట అడగండి. ఊరి మిస్త్రీ చెప్పే మరమ్మతు రహస్యాలను వ్రాసి ఉంచండి; అవి ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకవు.

మన పెద్దలు ‘అమానత్’ అనే మాట వాడుతారు. ఒకరు నమ్మి మన చేతికప్పగించిన వస్తువు అమానత్. గాలి, నీరు రాబోవు తరాల అమానత్. పూర్వుల పనితనం గడచిన తరాల అమానత్. ఒకదానికోసం రెండవదానిని పూర్తిగా పోగొట్టుకోకుండ చూచుకొనడమే ఈ విషయంలో పాలకులకూ, ప్రజలకూ ఉన్న బాధ్యత.